నందిదుర్గానికి సైకిలు మీద

బెంగుళూరు నుంచి నందిదుర్గానికి బస్సు వున్నది, కారు వున్నది, డబ్బిచ్చి పిలిస్తే గుమ్మం ముందుకు వచ్చి నిలబడే టాక్సీ వున్నది. ఇన్ని వుండగా సైకిలు మీద పోవడమేమిటని మమ్మల్ని అడిగినవారు ఒకరిద్దరు కారు. ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు గాని, పోయివచ్చిన సంగతి మాత్రం వున్నది. మొన్న సంఘం సమావేశంలో కాఫీ తాగుతూ నాలుగు ముక్కలు చెబితే, "ఇదేదో పత్రికలో రాయరాదా" అని పెద్దలు కొందరు అన్నారు. కనుక ఈ మాసం మన శీర్షిక సైకిలెక్కింది.

బయలుదేరింది నలుగురం: మా బావగారు, లెక్కల మేష్టారు, మేష్టారి అబ్బాయి, మేము. బావగారికి యాభై దాటి రెండేళ్ళయింది. ఆయనది తండ్రిగారి నాటి నల్ల సైకిలు. కడ్డీ బ్రేకులు, తోలు సీటు, మూర వెడల్పు క్యారియరు. గేర్లనే మాట వింటేనే ఆయనకు నవ్వు. అబ్బాయికి పదహారు నిండినవి. వాడిది గేర్ల సైకిలు, దానికి మడ్‌గార్డు లేదు, గంట లేదు, స్టాండు కూడా లేదు. గోడకు ఆనించవలసిందే. "ఇంత డబ్బు పోసి కొన్నది సొంతంగా నిలబడలేదా?" అని బావగారు అడిగితే వాడు ఇంగ్లీషులో ఏదో సమాధానం చెప్పాడు. బావగారు విననట్టు వూరుకున్నారు.

ఈ గేర్ల సంగతి పాఠకులకు కొంచెం విప్పి చెబుతాము, ఎందుకంటే కొండ దగ్గర కథంతా దీని మీదనే నడిచింది. పాత సైకిలుకు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 అనుకుందాము. పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత ఏడు అడుగుల పైచిలుకు. అంటే తొక్కిన ఒక్క చుట్టుకు బండి సుమారు 18 అడుగులు పోవాలి. చదును నేల మీద ఇది ఎంతో హాయి. అదే కొండ మీద, ఆ 18 అడుగులకూ మనిషినీ బండినీ కలిపి పైకి ఎత్తవలసింది మోకాళ్ళే. గేర్ల సైకిలులో ముందు చిన్న చక్రం, వెనుక పెద్ద చక్రం వేసుకుని రెంటి పళ్ళూ సరిసమానం చేసుకుంటే, పెడలు చుట్టుకు బండి పోయేది ఏడు అడుగులే. చుట్లు ఎక్కువవుతవి, భారం తగ్గుతుంది. మొత్తం మీద చేసే పని ఏమీ తగ్గదు. వాయిదాల మీద అప్పు తీర్చడం వంటిదన్నమాట.

జనవరి మాసంలో ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు కదిలాము. అనపకాయల కాలం, చలి బాగానే వున్నది, మఫ్లర్లు చుట్టుకున్నాము. క్యారియరు మీద సంచిలో గాలిపంపు, రెండు పానాలు, పంక్చరు అతికే సొల్యూషను, ఇసుక కాయితం, ఒక కొత్త ట్యూబు. తినడానికి బెల్లం, వేయించిన వేరుసెనగలు, డజను అరటిపళ్ళు. ముందటి రాత్రే మేము అందరికీ చెప్పాము: దాహం కాకముందే తాగాలి, ఆకలి కాకముందే తినాలి, ఎవరూ ఎవరినీ వదిలి పోరాదు. మేష్టారు తల వూపారు. అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు.

హెబ్బాళ దాటి యలహంక చేరేసరికి ఇంకా చీకటే. అక్కడ పెద్ద రహదారి వదిలి రాజానుకుంట మీదుగా దొడ్డబళ్ళాపురం దారి పట్టాము. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచిన నాటి నుంచీ ఆ పెద్ద రహదారి మీద కార్లు పోయే వేగం సైకిలువాడికి సరిపడేది కాదు. తిరుగు ప్రయాణంలో ఎట్లాగూ దాని మీదనే రావాలి. పోయేటప్పుడైనా నెమ్మదిగా పోదామని మా ఆలోచన.

దొడ్డబళ్ళాపురం సుమారు 40 కిలోమీటర్లు. ఏడున్నర లోపలే చేరాము. అది నేతవారి ఊరు, సందుల్లో మరమగ్గాల చప్పుడు. మేము ముగ్గురం ఇడ్లీలు, వడ తిని, మళ్ళీ ఇడ్లీలు చెప్పాము. అబ్బాయి ఒక్క కాఫీ తాగి, ఆకలి లేదన్నాడు. తండ్రి ఒకటికి రెండుసార్లు చెప్పారు. మూడోసారి చెప్పబోయి మానుకున్నారు. ఈ మధ్య వాళ్ళిద్దరికీ మాటలు తక్కువ. ఏ చదువులో చేరాలన్న విషయం మీద ఇంట్లో ఏదో నడుస్తున్నదని మాకు తెలుసు. మేష్టారు ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది కొండ చూడడానికి కాదనీ తెలుసు.

అక్కడి నుంచి దారి ఎగుడుదిగుడు. రెండు పక్కలా ద్రాక్ష పందిళ్ళు, మల్బరీ తోటలు, నడుమ నడుమ నీలగిరి తోపులు. 'బెంగుళూరు నీలం' అనే నల్ల ద్రాక్షకు పేరున్న సీమ ఇది. ఇంకాస్త పోగా నందికొండ కనపడింది. దూరం నుంచి చూస్తే నిజంగానే పడుకున్న ఎద్దు వీపులాగా వుంటుంది. దగ్గరికి పోయేకొద్దీ ఎద్దు పోయి బండ మిగులుతుంది.

శిఖరం ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు, పాత లెక్కలో 4,851 అడుగులు. బెంగుళూరే మూడువేల అడుగుల మీద వున్నది గనుక, కొండ పాదం నుంచి మనం ఎక్కవలసింది సుమారు 1,500 అడుగులు. దారి ఎనిమిది కిలోమీటర్లకు అటూ ఇటూ. నూరు అడుగులు ముందుకు పోతే ఆరడుగులు పైకి పోయినట్టు. కాగితం మీద ఆరు పెద్ద అంకె కాదు. అయితే అది సగటు మాత్రమే. మొదట మెత్తగా మొదలై, చివర చివర మెలికల దగ్గర రెండింతలవుతుంది. మెలికలు లెక్కపెడదామని మొదలు పెట్టి, పదకొండో దాని దగ్గర వూపిరి చాలక మానుకున్నాము.

బావగారు మొదటి రెండు కిలోమీటర్లు ఆ నల్ల సైకిలు మీదనే ఎక్కారు. నిలబడి, హ్యాండిలు లాగుతూ, ఇటొక పక్క అటొక పక్క వంగుతూ. తరువాత దిగి, "ఇక దీన్ని నడిపించుకుందాం. ఇన్నేళ్ళు మనల్ని మోసింది గదా" అన్నారు. సైకిలు తోసుకుంటూ నడవడం తక్కువతనం అనుకునేవాళ్ళు చాలామంది వున్నారు. మాకు ఆ బాధ లేదు. నడిచేవాడికి ఎక్కేవాడికంటె దారి బాగా కనిపిస్తుంది. ఆ పూట కొండగాలికి ఊగే బోదగడ్డి, బండల పగుళ్ళలో పెరిగిన మర్రి, గోడ మీద వరుసగా కూర్చున్న కోతులు, ఇవన్నీ మేము చూసింది నడవడం మొదలుపెట్టిన తరువాతనే. అరటిపళ్ళ సంచి మీద కన్నేసిన ఒక ముసలి కోతి వంద గజాలు మాతో బాటే వచ్చింది.

అబ్బాయి మాత్రం గేర్లు టకటక మార్చుకుంటూ ముందుకు పోయాడు. "వుండరా" అని తండ్రి పిలిచిన పిలుపు ఒక మెలిక వెనకబడిపోయింది.

సగం పైగా ఎక్కిన తరువాత ఒక మలుపులో పిట్టగోడ మీద వాడు కూర్చుని కనిపించాడు. సైకిలు రోడ్డు పక్కన పడివున్నది. ముఖం పాలిపోయి వున్నది, నుదుటి మీద చెమట, చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా వున్నది, వేళ్ళు వణుకుతున్నవి. "ఏమీ లేదు అంకుల్" అంటున్నాడు గాని మాట ముద్దగా వస్తున్నది. మేష్టారు సైకిలు వదిలేసి పరుగెత్తారు. ఆయన ముఖం వాడి ముఖంకంటె పాలిపోయింది. పైకి పోయే కారు ఏదైనా ఆపి వెంటనే ఆసుపత్రికి దించుదామన్నారు.

బావగారు తొందరపడలేదు. దూరపు సైకిలు ప్రయాణాలు చేసేవారికి ఇది తెలిసిన జబ్బే. శరీరంలో దాచుకున్న చక్కెర అయిపోతే కాళ్ళు ఒక్కసారిగా సమ్మె కడతవి, తల తిరుగుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ముందటి రాత్రి సరిగా తినక, పొద్దున కాఫీతో సరిపెట్టి 55 కిలోమీటర్లు వచ్చి, ఆ మీద కొండ పరుగెత్తించాడు. ఇక ఒంట్లో ఏమి మిగులుతుంది? బావగారు వాణ్ణి నీడలో కూర్చోబెట్టి, తన కోటు కప్పి, బెల్లంముక్క నోట్లో పెట్టి చప్పరించమన్నారు. కొంచెం కొంచెంగా నీళ్ళు. పది నిమిషాలు ఆగి ఒక అరటిపండు, మళ్ళీ బెల్లం, గుప్పెడు సెనగలు. నడుమ నడుమ ఏదో ఒకటి అడుగుతున్నారు: మీ క్లాసులో ఎంతమంది, ఈ గేర్లు ఎన్ని, ఏడు మూళ్ళు ఎంత. మాకు మొదట ఇదేమిటనిపించింది. మాట తేటగా వస్తున్నదా లేదా అని ఆయన చూస్తున్నారని తరువాత తెలిసింది. తేటపడకపోతే అప్పుడు కారు సంగతి, ఆలస్యం చేయరాదు అన్నారు ఆయన.

పావుగంటకు వణుకు తగ్గింది. అరగంటకు ముఖంలోకి రంగు వచ్చింది. "ఏడు మూళ్ళు ఇరవయ్యొకటి, ఇంక అడగొద్దు" అన్నాడు వాడు, తెలుగులోనే.

ఇక పైకా, కిందికా? మేష్టారు కిందికే అన్నారు. అబ్బాయి పైకే అన్నాడు. ఇద్దరి గొంతులూ లేచినవి, కొండకు సంబంధంలేని మాటలు కూడా కొన్ని దొర్లినవి. మేము కలగజేసుకోలేదు, ఆ మాటలు ఇక్కడ రాయడమూ లేదు. చివరకు బావగారు అన్నదేమంటే, "దిగడానికి బ్రేకు మీద చెయ్యి గట్టిగా వుండాలి. ఇంత వణికినవాణ్ణి ఇప్పుడే పల్లానికి వదలడం మంచిది కాదు. పైన అన్నం దొరుకుతుంది. మెల్లగా నడుద్దాం. ఎవరూ ఎక్కి తొక్కేది లేదు." అట్లా మిగిలిన దూరమంతా నలుగురమూ సైకిళ్ళు తోసుకుంటూ నడిచాము. కొంతసేపటికి చూస్తే మేష్టారు రెండు సైకిళ్ళు తోస్తున్నారు, అబ్బాయి వట్టి చేతులతో పక్కన నడుస్తున్నాడు. ఇంకొంతసేపటికి చూస్తే వాడు ఒకటి తీసుకున్నాడు. తన గేర్ల బండి కాదు, తండ్రిది.

పైకి చేరేసరికి పదకొండు దాటింది. తెల్లవారుజామున మేఘాలు కాళ్ళ కింద తేలుతవని జనం కార్లలో వచ్చి చూసేది మాకు దొరకలేదు. ఎండలో కింద పల్లెలు, చెరువుల గుంతలు, క్వారీలు తొలిచిన బండలు కనిపించినవి. చిత్రాన్నం, పెరుగన్నం తిన్నాము. అబ్బాయి తిన్న తిండి చూసి హోటలువాడు నవ్వాడు.

ఈ కొండ చరిత్ర చాలానే వున్నది. టిప్పు కాలంలో బలమైన కోట. 1791లో కారన్‌వాలిసు సేనలు పట్టుకున్నవి. కబ్బన్‌దొర ఇక్కడ వేసవి బంగళా కట్టుకున్నాడు. గాంధీగారు 1927లోనూ 1936లోనూ ఆరోగ్యం కోసం వచ్చి వున్నారు. 1986లో దక్షిణాసియా దేశాల అధినేతలు బెంగుళూరు సమావేశానికి వచ్చి ఇక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు. వీరిలో సైకిలు మీద వచ్చినవారు లేరని బావగారి అభిప్రాయం.

మాకు అంతకంటె పెద్ద సంగతి నదులు. ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, ఈ కొండల వరుసలోని చెన్నకేశవగిరి దగ్గర పుట్టి, అనంతపురం, కడప సీమలు దాటి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హోసూరు, కృష్ణగిరి మీదుగా కడలూరుకు పోతుంది. అర్కావతి పడమటి వాలున పుట్టి కావేరిలో కలుస్తుంది. మన సంఘం కుటుంబాలలో నెల్లూరు, కడప వైపు నుంచి తాతల నాడు వచ్చినవారు ఎందరో వున్నారు. వాళ్ళ వూరి ఏటికి పుట్టిల్లు ఇది. పుట్టింటిలో మాత్రం నీళ్ళు లేవు. పై నుంచి ఎంత వెతికినా నది అనదగినదేదీ కనపడదు. అర్కావతి మీది హెసరఘట్ట చెరువు నుంచే బెంగుళూరుకు మొదటిసారి గొట్టాల నీళ్ళు వచ్చినవి. ఆ ఏరు ఇప్పుడు వర్షాలు గట్టిగా పడిన ఏడు తప్ప పారదు. వాగుల దారులు మూసుకుపోయినవి, బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయినవి, నీలగిరి తోపులు మిగిలిన తడి తాగినవి. 2018 నుంచి కోలారు చెరువులకు బెంగుళూరు మురుగునీటిని శుభ్రం చేసి గొట్టాలలో పంపుతున్నారు, చిక్కబళ్ళాపురం చెరువులకూ అటువంటి పథకమే వచ్చింది. ఒకప్పుడు ఇక్కడి నీళ్ళు పట్టణం తాగింది, ఇప్పుడు పట్టణం వాడిన నీళ్ళు ఇక్కడికి వస్తున్నవి. భూగర్భంలో నీరు పెరిగిందని సంతోషించేవారున్నారు, ఒకసారి కాదు ఇంకా ఒకసారి శుద్ధి చేసి పంపాలని పోరాడేవారున్నారు. రెండో మాటలో న్యాయం వున్నదని మాకు తోస్తుంది.

దిగడం ఎక్కడంకంటె సులభమని అనుకుంటారు, కానే కాదు. బ్రేకు అదేపనిగా పట్టి వుంచితే చక్రం అంచు వేడెక్కి రబ్బరు పట్టు వదులుతుంది. పట్టడం, వదలడం, మళ్ళీ పట్టడం. వెనుకది ముందు, ముందుది తరువాత. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. బావగారి కడ్డీ బ్రేకులు పెట్టిన కేక విని ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరు హారను కొట్టనవసరం లేక నవ్వుకుంటూ పోయాడు. రెండు చోట్ల ఆగి చక్రాలు చల్లార్చుకున్నాము.

కొండ కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడి. తొమ్మిదో శతాబ్దం నాటి మొదలు. నొలంబులు, చోళులు, హొయసళులు, విజయనగరం వారు తలా ఒక మండపమో స్తంభమో చేర్చినది. అరుణాచలేశ్వరుడు బాల్యమనీ, భోగనందీశ్వరుడు యౌవనమనీ, కొండ మీది యోగనందీశ్వరుడు వైరాగ్యమనీ చెబుతారు. మేము వైరాగ్యం ముందు చూసి యౌవనానికి దిగివచ్చాము. కోనేటి మెట్ల మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ ముప్పావుగంట గడిపాము. అంత చల్లని చోటు ఆ చుట్టుపక్కల లేదు.

గుడి వీధి చివర ఒక పెద్దామె పొయ్యి మీద అనపగింజల గుగ్గిళ్ళు అమ్ముతున్నది. అబ్బాయి కన్నడంలో ధర అడిగాడు. ఆమె కన్నడంలోనే చెప్పింది. మేము బావగారితో ఏదో అనడం విని, "మీరూ మనోళ్ళేనా సామీ? యాడినుంచి వస్తా వుండారు?" అన్నది. బెంగుళూరు నుంచి సైకిళ్ళ మీద అంటే నమ్మలేదు. "బస్సులు తిరగడంలేదా నాయనా?" అని జాలిగా అడిగింది. ఇంట్లో తెలుగే, బయట కన్నడమట. బడిలో మనుమలు చదివేది మళ్ళీ వేరట. చిక్కబళ్ళాపురం, కోలారు సీమలో ఇది ఇంటింటి సంగతి, 2007లో జిల్లా రెండైనా భాష రెండు కాలేదు. ఆకు దొన్నె అబ్బాయి చేతిలో పెట్టి, "సల్లారిపోతాది, బిన్నా తిను అబ్బోడా" అన్నది.

వాడు దొన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. తండ్రి వైపు తిరిగి, "బిన్నా అనేది నాయనమ్మ మాట కదా?" అన్నాడు. అవునన్నారు మేష్టారు. "నాయనమ్మ సొంతంగా కల్పించుకున్నదనుకున్నా. ఇంకెవరూ అనరు కదా." మేష్టారికి నవ్వు వచ్చింది, ఆ పూటకు అదే మొదటి నవ్వు. నాయనమ్మది చింతామణి పక్క వూరనీ, ఆ పక్కన అందరూ ఆ మాటే అంటారనీ చెప్పారు. ఇన్నేళ్ళుగా ఎందుకు చెప్పలేదని వాడు అడిగితే, నువ్వెప్పుడడిగావురా అన్నారాయన.

అక్కడి నుంచి ముద్దేనహళ్ళి దగ్గరే. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఇల్లు, 1962లో కన్నుమూసిన తరువాత వారిని వుంచిన సమాధి చూశాము. పూర్వీకులు మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువారు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదుకు జలాశయాల ప్రణాళిక ఇచ్చింది వీరే. మేష్టారికి ఇంకా ఆగాలని వున్నది గాని పొద్దు వాలుతున్నది.

చిక్కబళ్ళాపురం నుంచి పెద్ద రహదారి. ఎదురుగాలి, పక్కన లారీల దుమ్ము. సర్వీసు రోడ్డు వున్నంత మేరా దాని మీదనే వచ్చాము. చీకటి పడకముందే వెనుక ఎర్రదీపాలు వెలిగించుకున్నాము. దేవనహళ్ళి దాటిన తరువాత విమానాలు నెత్తి మీద దిగుతుంటే, బావగారి వెనుక చక్రంలో గాలి దిగింది. తుమ్మముల్లు. ఇరవై నిమిషాలు పట్టింది, ఫోను దీపం అబ్బాయి పట్టుకున్నాడు. పట్టీ అతికే పని కూడా వాడే చేస్తానన్నాడు, బావగారు చెప్పగా చేశాడు.

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర, మొత్తం సుమారు 140 కిలోమీటర్లు. ఆ మరునాడు మెట్లు దిగడానికి మేము పడిన పాట్లు ఇక్కడ వర్ణించము.

బుధవారం మేష్టారు కనిపించి, అబ్బాయి నాయనమ్మ దగ్గర కూర్చుని మాటలు రాసుకుంటున్నాడనీ, చదువు విషయం ఇంకా తేలలేదనీ చెప్పారు. కైవారం పోదామంటున్నాడట. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన కైవారం తాతయ్య వూరు అది, చింతామణి తాలూకాలోనే. దారిలో నాయనమ్మ పుట్టినవూరు తగులుతుంది. ఈసారి పొద్దున్నే ఇడ్లీలు తినే బయలుదేరతాడట. బావగారు కొత్త బ్రేకు రబ్బర్లు తెప్పించారు.